బాయిల గాలి

ఆ ఎండాకాలం మా నాయనకు మిగిలినవి పదకొండు మాటలు. టీచరమ్మను కదా, ఊరుకోలేక రికార్డు బుక్కు వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను: నీళ్లు, బువ్వ, ఆఁ, వద్దు, దా, ఎక్కు, ఇగో, అవ్వ, ఏసు, బాయి, గాలి. జనవరిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ ఒక్కపూటలో పడిపోయాయి. మార్చికల్లా కర్ర పట్టుకుని నడిచాడు. మాట మాత్రం ఆ పదకొండు దగ్గరే ఆగిపోయింది.

వాటిలోనూ మళ్లీ చిక్కులే. 'ఏసూ' అంటే ప్రార్థన చేస్తున్నాడో, నా తమ్ముడు యేసుకుమార్‌ను పిలుస్తున్నాడో తెలిసేది కాదు. 'బాయి' అంటే ఇంటి వెనక ఎండిపోయిన బావో, ముప్ఫై నాలుగేళ్లు తాను దిగి ఎక్కిన బొగ్గుగనో తెలిసేది కాదు. మా గోదావరిఖనిలో రెండింటికీ ఒకటే పేరు. ఇక 'గాలి' సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నా పేరు సుజిత. ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నలభై రెండేళ్లు, పెళ్లి లేదు, నోరు పెద్దది. చర్చిలో ఆడవాళ్లు నా గురించి చెప్పుకునే మూడు ముక్కలూ ఇవే కాబట్టి నేనే ముందు చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. నాయన పేరు యోనా, గనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. అందరికంటే ముందు దిగేవాడని తెలుసు. దిగి ఏం చేసేవాడో మాకు తెలియదు. అమ్మ బతికున్నప్పుడు ఇంట్లో ఒక రూలు పెట్టింది, బాయి ముచ్చట గడప బయటనే అని. నాయన ఆ రూలు ఒక్కనాడూ తప్పలేదు. మేమూ ఒక్కనాడూ అడగలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక పొద్దున యేసుకుమార్ డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గడపలో కూలబడ్డాడు. వాడు ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్లు బాగుచేసే మెకానిక్కు. వాడిన ఇంజన్ ఆయిలు నిలవ చేసే తొట్టికి వాల్వు సరిగ్గా పడలేదట. తొట్టిలో ఉన్నదంతా కాలువ పట్టుకుని పోయి కమాన్‌పూర్ దారిలో ఉన్న కుంటలో చేరింది. బర్రెలు నీళ్లలో దిగి, తోలు మీద ఇంకో తోలు కప్పుకున్నట్టు ఎక్కాయి. ఆ షిఫ్టు వాడిది. వాల్వు పాతది, మార్చమని రెండుసార్లు చెప్పానన్నాడు. నోటితో చెప్పాడు, కాగితం మీద కాదు. నోటిమాటకు సాక్ష్యమేముంటుంది?

మర్నాడు సైటు ఇంజనీరు చక్రపాణి మా ఇంటికి వచ్చాడు. కోస్తావైపు మనిషి, జ్యోతినగర్‌లో ఉంటాడు, చెడ్డవాడేం కాదు. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగకుండా గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు.

"మృగశిర లోపు కుంట శుభ్రపడితే గొడవ ఇక్కడితో సరండి. వాన పడి అలుగు దూకి పొలాల్లోకి వెళ్లిందంటే మాత్రం నేను ఎవరో ఒకరి పేరు పైకి పంపాలి. మీ తమ్ముడి పేరు తప్ప నా దగ్గర ఇంకో పేరు లేదు మేడమ్."

మందు చల్లి ఆయిలు విరగ్గొట్టవచ్చు, కానీ కుంట చుట్టూ ఉన్న రైతులు ఒప్పుకోలేదు. బర్రెలు తాగే నీళ్లలో ఏ రసాయనమూ పోయనివ్వమని గట్టు మీద కాపలా పెట్టారు. న్యాయమే. నేనైనా అదే చేసేదాన్ని. కానీ యేసుకుమార్‌ను పెంచింది నేను. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. వాడి పేరు దొంగల పేరులా పైకి పోతుందంటే నాకు అన్నం దిగలేదు.

అప్పుడు నాకు చలికాలంలో సైన్సు ఫెయిరు కోసం పిల్లలతో చేయించిన పండ్లతొక్కల నీళ్లు గుర్తుకొచ్చాయి. వరంగల్‌లో పరిశోధన చేసే స్నేహితురాలు ఒక రకం ఈస్టును సీసాలో పంపింది. అది తొక్కల్లోని తీపి తిని, సబ్బులాంటి పదార్థాన్ని వదులుతుంది. ఆ పదార్థానికి రెండు కొసలు. ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకోటి నూనెను. అలా పట్టి లాగి నూనె పొరను కంటికి ఆనని చుక్కలు చేస్తుంది. చుక్కలైతే నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు తినేస్తాయి. బర్రెకూ బాధ లేదు, చేపకూ బాధ లేదు.

మిగిలిన అరసీసా నీళ్లు తీశాను. యేసుకుమార్ కుంటలోంచి డబ్బాడు నల్లనీళ్లు తెచ్చి స్టీలు బేసిన్‌లో పోశాడు. మధ్యలో ఒక్క చెంచా వదిలాను. నల్లటి పొర చప్పుడు చెయ్యకుండా నడిమికి చిరిగి, నాలుగు దిక్కులా అంచులకు పారిపోయింది. వాడు బేసిన్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. 'దేనికో భయపడ్డట్టు పోయిందే అక్కా' అన్నాడు. నాయన మంచం మీద నుంచి మెడ సాచి చూసి 'ఇగో' అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వడం అదే ఆఖరు.

చౌరస్తా జ్యూసుబండ్ల దగ్గర బత్తాయి తొక్కలు, పైనాపిల్ చెక్కులు, కుళ్లిన మామిడిపండ్లు, అరటితొక్కలు ఆటోలకు ఆటోలు వచ్చాయి. పక్కింటి సారవ్వ కూడా వచ్చి కూర్చుని కత్తిపీటతో తరిగింది. ఆమె భర్త నాయనతోపాటు గనిలో చేసినవాడే, పోయి ఆరేళ్లయింది. ఊళ్లో వార్తలన్నీ ఆమె దగ్గర పుట్టి ఆమె దగ్గరే పెరుగుతాయి. పన్నెండు నీలం డ్రమ్ములు నింపి బెల్లం కలిపి ఈస్టు వేశాం. మూడో రోజుకే చిక్కు వచ్చిపడింది. రామగుండం ఎండ సంగతి తెలిసిందే, రేకుల షెడ్డు కింద పెట్టిన డ్రమ్ము చెయ్యి కాల్చింది. ఆ వేడికి ఈస్టు చచ్చి ఊరుకుంటుంది.

డ్రమ్ములు బావిలో దించుదామన్న తెలివి నాది. ఇది నేను ఎవరి మీదా తొయ్యను. ఇంటి వెనక బావి నలభై అడుగుల లోతు. ఓపెన్‌కాస్టు దగ్గరికి వచ్చేకొద్దీ నీళ్లు అటు గుంజుకుపోయి, నాలుగేళ్లుగా పొడిగా పడి ఉంది. గోడ వెంట రాతిమెట్లు అడుగుదాకా దిగుతాయి. కింద బండరాయి నేల, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. గిరక కట్టి, మోకుతో ఒక్కొక్క డ్రమ్మూ దించాం. నాయన కర్ర మీద ఆనుకుని చూస్తూ 'వద్దు' అన్నాడు. మళ్లీ అన్నాడు. మోకు తెగి డ్రమ్ము ఎవరి మీదైనా పడుతుందని భయపడుతున్నాడనుకుని, మోకు గట్టిదే నాయనా అని సర్దిచెప్పాను.

రోజూ పొద్దున ఆరింటికి యేసుకుమార్ దిగి పన్నెండు డ్రమ్ములూ కలియబెట్టి వచ్చేవాడు. వారం తిరిగేసరికి బావి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను చెప్పేది మీరు నమ్మాలి, నాకు భ్రమలు లేవు. డ్రమ్ముల్లో బుడగలు లేచి పగిలే చప్పుడది, నాకు తెలుసు. కానీ నలభై అడుగుల కింది నుంచి గోడలకు తగిలి పైకి వచ్చేసరికి, పదిమంది మగవాళ్లు గుంపుగా కూర్చుని అన్నం తింటూ లోగొంతుతో మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. ఒడ్డున నిలబడితే మాట అర్థమయ్యీ కానట్టు ఉండేది. బట్టలు ఆరేయడానికి వెళ్లి తాడు దగ్గర అలాగే నిలబడిపోయేదాన్ని.

తీపివాసనకు తేనెటీగలు వచ్చేవి. గుంపులు గుంపులుగా బావిలోకి దిగేవి. మళ్లీ పైకి రావడం నేను చూడలేదు. గోడ సందులో రెండు పావురాలుండేవి, అవి గూడు వదిలేసి మా బాత్రూమ్ మీదికి మారాయి. యేసుకుమార్ పైకి వచ్చేసరికి వాడి మొహం కందిపోయి, తలనొప్పి అని కణతలు నొక్కుకునేవాడు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని నవ్వుతూనే చెప్పాడు.

"కింద మస్తు నిద్రొస్తుందే అక్కా. ఎవలో పక్కన కూసోని, పండు పండు అంటున్నట్టుంటది."

రెండు షిఫ్టులు చేస్తున్నావు, నిద్ర రాక ఏమొస్తుందిరా అన్నాను.

నాయన కొత్త పని మొదలుపెట్టింది కూడా ఆ వారమే. తెల్లారకముందే లేచి, కర్ర పొడుచుకుంటూ బావి దగ్గరికి పోయేవాడు. వేపమండలు విరిచి పెద్ద మోపు కట్టి, గిరక మోకుకు తగిలించి బావిలోకి వదిలేవాడు. ఎడమచేత్తో లాగి, ఎడమకాలితో మోకును తొక్కిపట్టి, మళ్లీ వదిలేవాడు. పైకి, కిందికి. పైకి, కిందికి. వందసార్లు. ముసలిప్రాణం చెమటతో తడిసి, నోరు వంకరపోయి, ఊపిరి అందక ఈల వేసేది. వెళ్లి ఆపబోతే కర్ర ఎత్తేవాడు. యేసుకుమార్ వచ్చేదాకా చేసి, వాడు దిగుతుంటే ఒడ్డు మీద కూర్చుని కళ్లు ఆర్పకుండా చూసేవాడు. వాడు పైకి వచ్చాకే లోపలికి వచ్చి నీళ్లు అడిగేవాడు.

మోకుకు ముడులు కూడా కనిపించాయి. తన పాత బనీను చింపిన పేలికలు. మొదటిది మోకు కొసకు దగ్గర్లో ఉంది. నాలుగు రోజుల తర్వాత దానికి జానెడు పైన ఇంకొకటి. ఆ తర్వాత దాని పైన మరొకటి. ఎందుకు కడుతున్నావు నాయనా అంటే, చేత్తో బావిని చూపించి 'గాలి' అన్నాడు.

మన దగ్గర గాలి అంటే వీచేది ఒకటి, సోకేది ఒకటి. క్లాసులో దయ్యాల్లేవని పిల్లలకు చెప్పే నేను, ఆ రాత్రి వెనక తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఒక మధ్యాహ్నం, సెలవుల్లో పెట్టిన స్పెషల్ క్లాసు చెప్పి కాలేజీ నుంచి వచ్చేసరికి నాయన బావి ఒడ్డున ఉన్నాడు. కరెంటు పోతే వాడే లాంతరు వెలిగించి, బకెట్‌లో పెట్టి, మిట్టమధ్యాహ్నం బావిలోకి దించుతున్నాడు. కొంత దించాడు, ఆపాడు, తల వంచి చూశాడు. పైకి లాగితే లాంతరు ఆరిపోయి ఉంది. చిమ్నీ పగల్లేదు, కిరసనాయిలు నిండుగా ఉంది. మోకు మీద ఆ చోట పేలిక కట్టాడు.

"ఎట్ల ఆరింది నాయనా?"

"గాలి."

చుట్టూ చూశాను. చింతచెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు. తాడు మీద చీరలు మేకులు కొట్టి దిగేసినట్టు వేలాడుతున్నాయి. నాయన మొహంలోకి చూశాను. ఆయన నా మొహంలోకి చూశాడు, చాలా ఓపికగా, మందబుద్ధి పిల్లకు లెక్క మళ్లీ చెప్పబోయే మాస్టరులా. లాంతరు నా చేతికిచ్చి మళ్లీ 'గాలి' అన్నాడు. నేను లాంతరు తీసుకుని లోపలికి వెళ్లి బీరువా మీద పెట్టేశాను. ఆయనకు మతి కూడా పోతోందని ఆ పూటే తీర్మానించుకుని, వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఈ సంగతి సారవ్వ కంట పడకుండా ఉంటుందా? మే ఆఖరు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"మీ నాయన సంఘపెద్ద బిడ్డా. పోచమ్మకు కట్టినట్టు బాయికి మండలు కడుతుండు. ముడుపులు కడుతుండు. మంది నవ్వుతుండ్రు."

వెనకాలే పాస్టరుగారు వచ్చి, వయసు మీద పడ్డవాళ్లకు పాత అలవాట్లు తిరగబెడతాయని, ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తానని మెత్తగా అన్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు సంగతి మీకు ఎలా చెప్పను? మా తాత బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మా ఇంట్లో వేపమండ గడప దాటలేదు. ఎవరేమన్నా పడతాను గానీ, యోనా సర్దారు బావికి మొక్కుతున్నాడంటే పడలేకపోయాను.

ఇంటికి వచ్చి మండల మోపు విప్పి పొయ్యిలో పెట్టాను. పచ్చిమండలు కదా, ఇల్లంతా పొగ. బావి చుట్టూ ఉన్న కంచెకు తడక కట్టి తాళం వేశాను. నాయన తడక పట్టుకుని ఊపాడు. 'గాలి. ఏసూ. గాలి' అన్నాడు. దయ్యం నుంచి కాపాడమని ప్రభువును పిలుస్తున్నాడనుకుని, ఆయన తల నిమిరి లోపలికి తీసుకొచ్చాను. మూడు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. నీళ్లు మాత్రం తాగాడు.

ఆ మూడు రోజులూ యేసుకుమార్ డంపర్ల షెడ్డు నుంచి ఇంటికే రాలేదు, అక్కడే పడుకున్నాడు. వెళ్లేముందు మాత్రం, జల్ది తయారు కావాలని ఒక్కొక్క డ్రమ్ములో ఇంకో రెండు దిమ్మల బెల్లం ఎక్కువ వేసి కలియబెట్టాడు. బావిలో మాటలు కేకల్లోకి తిరిగాయి. నేను వెనక తలుపు వేసుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు వాడు వచ్చాడు. పండ్లతొక్కల నీళ్లకు రైతులు ఒప్పుకున్నారు, మర్నాడు చక్రపాణి ట్యాంకరు పంపుతాడు, మృగశిర ఇంకా నాలుగు రోజులు ఉంది, నీళ్లు వడగట్టి పైకి తోడాలి. వాడి మొహంలో ఎన్నాళ్లకో వెలుగు చూశాను. గెలిచినమే అక్కా అన్నాడు. గంజి తాగించి తాళం తీశాను.

మేము వెళ్లేసరికి నాయన మాకంటే ముందు వచ్చి మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. యేసుకుమార్ నవ్వి, పక్క నుంచి దాటబోయాడు. నాయన ఎడమచెయ్యి వాడి కాలి మడమ పైన పడింది. పక్షవాతం వచ్చిన మనిషి, మూడు రోజులు తిండిలేని మనిషి, ఆ పట్టు ఎక్కడిదో తెలియదు. వాడు గుంజుకున్నాడు. రాలేదు.

"ఏసూ, వద్దు. వద్దు."

"అక్కా, నువ్వన్న చెప్పే. యాళ్లయితుంది."

నేను మోకాళ్ల మీద కూర్చుని నాయన వేళ్లు విడదీశాను. బొటనవేలు మొదట వచ్చింది. తర్వాత ఒకటి, ఒకటి, ఒకటి. చిటికెనవేలు ఆఖరున వచ్చింది. ఆయన గోరు వాడి కాలి మీద ఎర్రటి గీత పెట్టింది. విడువు నాయనా, పిల్లగాడు పనికి పోవాలె అన్నాను. అలా అన్నది నేనే.

వాడు దిగాడు. అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ మోగింది. ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి, ఏమైనా పడిందేమోనని వెనక్కి తిరిగి చూశాను. మళ్లీ ఇటు తిరిగేసరికి వాడు సగం బావిలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అలిసిపోయి కూర్చున్నాడనుకున్నాను. ఏమైందిరా అని పిలిచాను. వాడు తల గోడకు ఆనించాడు, చిన్నప్పుడు నా భుజం మీద ఆనించినట్టే. చేతిలోని వడగట్టే గుడ్డ జారి కిందికి పోయింది. నా వైపు చూడలేదు.

నేను మెట్టు మీద కాలు పెట్టాను. నా జడ వెనక్కి పోయింది. నాయన జడను మణికట్టుకు చుట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వేసి పడిపోయాడు. ఆయనతోపాటు నేనూ ఒడ్డున పడ్డాను. తన్నాను, గిచ్చాను, ఆయన చెయ్యి కొరికాను. నా నోట్లో ఆయన రక్తం ఉప్పగా తగిలింది. ఆయన విడవలేదు. నన్ను పట్టుకున్నంతసేపూ బావిలోకి చూస్తూ పిలుస్తూనే ఉన్నాడు.

"ఎక్కు ఏసూ. ఎక్కు. ఎక్కు."

సారవ్వ వచ్చింది. వాడకట్టు మగవాళ్లు వచ్చారు. ఒకాయన లుంగీ ఎగగట్టి దిగబోతే నాయన పడుకున్నచోటు నుంచే కర్ర విసిరాడు, అది వెళ్లి ఆయన మోకాలికి తగిలింది. ఇంకెవరూ దిగలేదు. ఫైరింజన్ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. వాళ్లు మాస్కులు తగిలించుకుని దిగి, పదిహేడో మెట్టు మీద నుంచి యేసుకుమార్‌ను తెచ్చి చింతచెట్టు నీడలో పడుకోబెట్టారు. వాడి మొహం మామూలుగానే ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. కాలి మీద గోటిగీత ఒక్కటే ఉంది.

ఫైరు ఆఫీసరు సదయ్య అని పెద్దవయసు మనిషి. డ్రమ్ములు చూసి వచ్చి, నెలరోజుల నుంచి ఎట్ల దిగుతుండ్రమ్మా అని అడిగాడు. నాయన రోజూ పొద్దున వేపమండలు అని మొదలుపెట్టి, నేను అక్కడే ఆగిపోయాను. మిగతాది ఆయనే చెప్పాడు. చెడుగాలి బరువు, అడుగునే కూర్చుంటుంది. మండలు ఆడిస్తే కింది గాలి పైకి, పై గాలి కిందికి తిరుగుతుంది. దీపం దించి ఎక్కడ ఆరితే అక్కడిదాకా చెడుగాలి ఉన్నట్టు, మోకు మీది పేలికలు ఆ గుర్తులే. గనిలో సర్దారు పనే అది. అందరికంటే ముందు దీపంతో దిగి, లోపల గాలి చూసి, మనుషులు దిగవచ్చో లేదో చెప్పాలి. ఈ పెద్దమనిషి పట్టుకోకుంటే నీ వెనక ఇంకో నలుగురు పోయేటోళ్లు బిడ్డా, ఎప్పుడైనా గట్లనే అయితది అన్నాడు.

దాని పేరు కార్బన్ డయాక్సైడు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. ఈస్టు తీపి తింటే అది పుడుతుంది. ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్న సమీకరణం. మా నాయన దానికి తనకు మిగిలిన ఒకే పేరు పెట్టి నెలరోజులు చెప్పాడు. 'ఏసూ' అన్నది ప్రభువును కాదు.

సమాధి చేసిన మర్నాడు చక్రపాణి వచ్చాడు. ట్యాంకరు వెనక్కి పంపేస్తానన్నాడు. నేను వద్దన్నాను. చచ్చినవాడి పేరు పైకి పంపడం ఇంకా సులువు, వచ్చి కాదనేవాడు ఉండడు. ఫైరువాళ్లు మిషను పెట్టి బావి గాలి తోడేశారు. వాళ్లే డ్రమ్ములు పైకి తీశారు. నేను గుడ్డ పట్టుకుని పన్నెండూ వడగట్టాను. సారవ్వ పిలవకుండానే వచ్చి ఇంకో కొస పట్టుకుంది. ఆమె కళ్లలోకి నేను చూడలేదు, నా కళ్లలోకి ఆమె చూడలేదు. ఇద్దరి తప్పూ ఒకటే కదా.

మృగశిర ముందురోజు సాయంత్రం కుంట దగ్గరికి వెళ్లాం. గట్టు మీద ఊరంతా నిలబడింది. పైపుతో మొదటి చల్లు పడగానే నల్లటి పొర నడిమికి చిరిగింది. నేను నిలబడ్డ ఒడ్డు నుంచి వెనక్కి, వెనక్కి పోయింది. చప్పుడు లేదు. కప్పలు కూడా ఆగిపోయాయి. చీకటి పడేసరికి నీళ్లలో ఆకాశం కనిపించింది. బర్రెలు మాత్రం ఆ సాయంత్రం గట్టు దిగలేదు. అదిలించినా దిగలేదు. రెండు రోజులు నీళ్లను చూస్తూ నిలబడి, మూడోనాడు దిగాయని తర్వాత తెలిసింది. వానలు పడ్డాయి, అలుగు పారింది, పొలాల్లోకి మంచినీళ్లే వెళ్లాయి.

చక్రపాణి ఫోను చేసి, పేరు పంపలేదండీ అన్నాడు. మంచిదండీ అన్నాను. ఫోను పెట్టేశాక గోడకు తల కొట్టుకున్నాను. వాడి పేరు దక్కించాను. వాణ్ని నా చేతులతో పంపించాను. ఎవరు ఎన్ని రకాలుగా ఓదార్చినా ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఇంకోదాన్ని చెరపదు.

కాలేజీ తెరిచారు. పొద్దున ఎనిమిదిన్నరకు నేను బ్యాగు వేసుకుని గేటు దాకా వస్తాను. నాయన కర్ర పొడుచుకుంటూ వెనకాలే వచ్చి, ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంటాడు. ఇప్పుడు ఆయనకు మాటలు అసలే లేవు, ఆ పదకొండూ పోయాయి. రోడ్డు వైపు చూస్తాడు, పైకి చూస్తాడు, ముక్కుతో గాలి పీలుస్తాడు. ఒక్కోరోజు ఐదు నిమిషాల్లో విడిచిపెడతాడు. ఒక్కోరోజు మొదటి పీరియడు పోతుంది. ప్రిన్సిపాలు ఇప్పటికి రెండు మెమోలు ఇచ్చాడు. మూడోది కూడా ఇస్తాడు. నేను మాత్రం ఆ వేళ్ల మీద చెయ్యి వెయ్యను. నిన్న పదిన్నర దాకా విడవలేదు, అలాగే నిలబడి ఉన్నాను.